ఎండుటాకుకో ఉపగ్రహం

మాది భద్రాద్రి జిల్లా. దేవుణ్ణే పట్టుకుని పద్దులడిగిన రామదాసు తిరిగిన నేల. ఇక్కడ పొగడ్తా తిట్టూ ఒకే ఊపిరిలో వస్తాయి. నిందాస్తుతి మాకు ఊరి విద్య. రామదాసు రాముడికి చేశాడు. అంతటి భక్తి నాకు లేదు గనక నేను అడవి మంటలు కనిపెట్టే ఉపగ్రహానికి చేస్తాను. రాముడు గుట్టమీద ఉంటాడు, ఇది ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. ఇద్దరూ అన్నీ చూస్తారు. కాకపోతే రాముడు ఒక్కసారైనా మారువేషంలో దిగొచ్చి తానీషా బాకీ తీర్చి వెళ్లాడని చెప్పుకుంటారు. ఈ పై దేవుడు దిగడు. మెసేజ్ పెడతాడు.

జయ జయ సుయోమీ ఎన్‌పీపీ స్వామీ! 2011 అక్టోబరులో నింగికెక్కావు. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక అదే వేళకు ఇంకోసారి మా అశ్వారావుపేట నెత్తిమీదుగా పోతావు. ఆ వేళకు మండుతున్న మంట అదృష్టవంతురాలు, నీ కంట పడింది. మూడింటికి పుట్టి, పడమటి గాలికి గుట్టెక్కి, పొద్దుగూకేలోపు ఆకంతా తిని చల్లారిన మంట నీ పద్దులో అసలు పుట్టనే లేదు. ఆకుమంటకు ఆయుష్షు తక్కువ స్వామీ. నీ దర్శన వేళలు చూసుకుని అంటుకోవాలని దానికి చెప్పేవాళ్లు లేరు.

ఫిబ్రవరి దాటాక మా అడవి ఎలా ఉంటుందో పైనుంచి నీకు తెలియదు, కిందనుంచి నేను చెబుతాను. టేకు ఆకంతా రాల్చేస్తుంది. ఒక్కో ఆకు విస్తరంత. అడుగేస్తే అప్పడాల దొంతరమీద నడిచినట్టు చప్పుడు. చేత్తో నలిపితే పొడి. మోకాలెత్తు బోద గడ్డి దానికి తోడు. ఎవడో బీడీ కాల్చుకుని ముక్క విసిరి ముందుకెళ్లిపోతాడు. ఆ బీడీ చుట్టిన ఆకు కూడా ఈ అడవి తునికాకే. బిడ్డ తిరిగొచ్చి తల్లికి కొరివి పెట్టినట్టు.

నీ కన్ను పడ్డ మంట ఒక చుక్కై డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకు చేరుతుంది. 2004 నుంచి వాళ్లు ఈ పని చేస్తున్నారు. అడవి పటంతో సరిచూసి, ఏ డివిజన్, ఏ రేంజి, ఏ బీటు అని విడగొట్టి, అక్షాంశ రేఖాంశాలతో మెసేజ్ పంపుతారు. 2019 నుంచి ‘వన్ అగ్ని’ పోర్టల్ కూడా ఉంది. కాలుతున్న అడవిని ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇంతవరకు వంక పెట్టడానికేమీ లేదు. వాళ్లు పనిమంతులు. అసలు కథ మెసేజ్ వచ్చాక మొదలవుతుంది.

మెసేజ్ బీటు ఆఫీసరు ఫోనుకొస్తుంది. ఫోను ఆయన జేబులో ఉంటుంది. ఆయన అడవిలో ఉంటాడు. అడవిలో సిగ్నలుండదు. సిగ్నలు కోసం రోడ్డెక్కితే బీటులో లేడని పైవాడి చీవాట్లు, బీటులో ఉంటే మెసేజ్ చూడలేదని చీవాట్లు. మంట సంగతి తెలియాలంటే మంటకు దూరంగా ఉండాలన్న ఈ సూత్రం ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు, మా లోయల్లో పుట్టింది. ఈలోగా గేదెలు కాసే కుర్రాడు పొగ చూసి, టీ కొట్టు దగ్గర చెప్పి, మళ్లీ గేదెల దగ్గరికెళ్లి కూర్చుంటాడు. వాడికి లాగిన్ లేదు గనక వాడి మాట లెక్కలోకి రాదు.

లెక్క అంటే గుర్తొచ్చింది. 2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా దేశంలో ఎన్ని అడవి మంటలు? మోడిస్ అనే పాత కన్ను 52,785 అంది. సుయోమీ మీదున్న వీఐఐఆర్‌ఎస్ అనే కొత్త కన్ను 3,45,989 అంది. అదే అడవి, అదే ఎండాకాలం. రెండూ నిజాలే, రెండూ సర్కారీ పద్దులే. పాత కన్ను చుక్క కిలోమీటరు వెడల్పు, కొత్తదాని చుక్క 375 మీటర్లు. చూపు సన్నబడితే చుక్కలు పెరుగుతాయి. పామరుడికి దీంతో ఇబ్బంది గానీ పరిపాలకుడికి పెద్ద సదుపాయం. మంటలు తగ్గించామని చెప్పుకోవాలంటే ఒక కన్ను, నిధులు పెంచమని అడగాలంటే ఇంకో కన్ను. శివుడికి మూడో కన్ను తెరిస్తేనే మంట. మనకు ఎన్ని కళ్లు తెరిస్తే అన్ని మంటలు.

ఆ సన్నటి చుక్క కూడా ఎంతో తెలుసా? దాదాపు ముప్పై అయిదెకరాలు. మా దగ్గర ముప్పై అయిదెకరాలంటే ఒక టేకు తుప్ప, రెండు పోడు చెలకలు, నాలుగు ఇప్పచెట్లు, ఒక జామాయిల్ మడి, ఒక పామాయిల్ తోట గట్టు. వీటిలో కాలిందేదో చుక్క చెప్పదు. కాల్చిందెవరో అసలే చెప్పదు. కానీ చుక్క పడగానే నేరస్తుడు దొరికిపోతాడు: పోడు చేసుకునేవాడు. ఉపగ్రహం ముప్పై అయిదెకరాల్లో తేల్చలేనిది ఆఫీసులో కుర్చీ క్షణంలో తేలుస్తుంది. దాని రిజల్యూషన్ అంత గొప్పది.

ఇక రెండో దేవుడు. ఈయన అమెరికావాడు, పేరు మోడల్. మోంటానా రాష్ట్రంలో మిజౌలా అనే ఊళ్లో మంటల ప్రయోగశాల ఉంది. విమానాల చదువు చదివిన రిచర్డ్ రోథర్మెల్ అక్కడ గాలి సొరంగాల్లో పుల్లలూ పైన్ సూదులూ పేర్చి, కాల్చి, కొలిచి 1972లో ఒక లెక్క రాశాడు. నేలబారు మంట నిమిషానికి ఎంత దూరం పాకుతుంది, గాలి ఎంత తోస్తుంది, వాలు ఎంత లాగుతుంది, ఆకులో తడి ఎంత అడ్డుపడుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన బిహేవ్, ఫార్‌సైట్ లాంటి సాధనాలన్నీ ఆ లెక్క పునాది మీద లేచినవే. 1982లో ఆండర్సన్ అనే ఆయన అడవిని పదమూడు రకాల ఇంధనాలుగా వివరించి చూపించాడు. 2005 నాటికి అవి చాలక ఇంకో నలభై రకాలు వచ్చాయి.

ఇంధనం అంటే మాకు పెట్రోలు బంకు. వాళ్లకు ఎండుటాకు, గడ్డి, పొద, పుల్ల, మొద్దు. ఈ ఒక్క మాట తెలిశాక నాకు అడవి చూపే మారిపోయింది, నిజం. ఎండ మన చేతిలో లేదు, గాలి లేదు, గుట్ట వాలు లేదు. మనిషి చెయ్యి పెట్టగలిగింది ఇంధనం ఒక్కటే. దాన్ని తగ్గిస్తే మంట పొట్టిదవుతుంది, తగ్గించకపోతే పొడుగవుతుంది. యాభై ఏళ్ల శాస్త్రం చివరికి చెప్పేది ఇదే: ఊడ్చుకోండిరా నాయనా.

మనం మాత్రం ఆ చివరి వాక్యం వదిలేసి మిగతాదంతా దిగుమతి చేసుకున్నాం. పదమూడు రకాల్లో ఓక్ ఆకుకు చోటుంది, పైన్ సూదికి చోటుంది. టేకాకు పేరు లేదు, ఇప్పాకు లేదు, బోద గడ్డి లేదు. వాళ్ల అడవిని చూసి వాళ్లు రాసుకున్నారు, తప్పు వాళ్లది కాదు. మన ఆకును మనం తూచుకుని, ఎండబెట్టి, కాల్చి చూసి సొంత పట్టీ రాసుకోవాలి. మన పరిశోధకులు కొందరు ఆ ప్రయత్నంలో ఉన్నారు కూడా. కానీ ఎకరానికి ఎంత ఆకు రాలిందో తూచడానికి త్రాసూ గోనెసంచీ కావాలి, చెమట పట్టాలి. త్రాసు ప్రారంభోత్సవానికి మంత్రిగారు రారు. డాష్‌బోర్డుకైతే వస్తారు.

సొంత పట్టీ అసలు లేదనడం కూడా పొరపాటే. ఉంది. కాకపోతే కాగితం మీద లేదు.

మార్చిలో ఒక తెల్లవారుజామున, ఇంకా మంచు ఆరకముందు, ఇప్పచెట్టు కింద ఒక కోయ అవ్వ కనిపిస్తుంది. చేతిలో ఈతాకు పొరక. చెట్టు చుట్టూ గుండ్రంగా ఊడుస్తుంది. ఆకును లోపలికి పోగేసి అంటిస్తుంది. పక్కన పచ్చికొమ్మ పెట్టుకుంటుంది, మంట గీత దాటితే కొట్టడానికి. ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది, ఆకుల్లో పడితే దొరకదు. నేల నున్నగా ఉంటే తెల్లారేసరికి ముత్యాలు చల్లినట్టు కనబడుతుంది. అటవీశాఖ వాచర్ వస్తాడు. వాడూ పక్క గూడెంవాడే.

“ఏందవ్వా, మళ్లీ నిప్పు పెట్టినవ్? కేసయితది.”

“ఆకుల కింద పడ్డ పువ్వు ఎట్టా ఏరాలె బిడ్డా? నువ్వొచ్చి ఊడుస్తవా?”

“నేను ఊడ్వను. ఫొటో తీస్తా. గ్రూపుల పెట్టాలె.”

“తియ్యి. పొరక గూడ పడేటట్టు తియ్యి.”

ఆ అవ్వను కూర్చోబెట్టి అడిగితే చెబుతుంది. ఆకు పొద్దెక్కితే చాలు మండుద్ది. పుల్ల మాపటికి మండుద్ది. కట్టెకు నాలుగు రోజుల ఎండ కావాలి. మొద్దు ఎండాకాలం ముదిరితేగాని అంటుకోదు, అంటుకుంటే వారం కుములుద్ది. అమెరికా శాస్త్రవేత్తలు దీన్నే గంట ఇంధనం, పది గంటల ఇంధనం, వంద గంటల ఇంధనం, వెయ్యి గంటల ఇంధనం అన్నారు. గాలిలోని తడి మారితే ఆ మార్పు ఆకుకు గంటలో తెలుస్తుంది, మొద్దుకు తెలియడానికి వారాలు పడుతుంది, అందుకని. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి పుస్తకాలు వచ్చాయి, రెండోదానికి కేసు వచ్చింది.

అవ్వను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. మంచువేళ పెట్టిన మంటల్లో కొన్ని సరిగా ఆరవు. పువ్వు ఏరుకుని ఇంటికెళ్లాక పన్నెండింటికి గాలి లేస్తుంది, బూడిద కింద నిప్పు గుట్టెక్కుతుంది. తునికాకు చిగురు బాగా రావాలని పొదలు కాల్చేవాళ్లూ ఉన్నారు. లేత ఆకు యాభై కడితే ఒక కట్ట, అలాంటివి వెయ్యి కడితే ఒక స్టాండర్డ్ బస్తా. ఆకు కొనే కల్లేదారు ముదురాకు తీసి పక్కన పడేస్తాడు మరి. ఏటా కాలిన చోట టేకు మొలక నిలవదు, నేలమీద గూడు పెట్టే పిట్ట మిగలదు. అదంతా నిజం. కానీ ఇందులో వింత చూడండి. అదే ఆకును, అదే వేళకు, మంట దాటకుండా గీసిన ఫైర్ లైన్లో డిపార్ట్‌మెంటు కాలిస్తే దాని పేరు నియంత్రిత దహనం. అవ్వ కాలిస్తే నేరం. అగ్గిపుల్లకు యూనిఫారం ఉందా లేదా అన్నదే తేడా. ఆకుకు ఆ తేడా తెలియదు.

ఈ తగువు ఇవాళ్టిదేం కాదు. బర్మా టేకు అడవుల్లో పనిచేసిన స్లేడ్ అనే తెల్లదొర, మంటలు బొత్తిగా రానీయకపోతే టేకుకే చేటని 1896లోనే ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికలో రాశాడు. దొర రాశాడు గనక అది వాదమైంది. అంతకు ముందునుంచీ కొండలమీదివాళ్లు చెబుతున్నది మొండితనమైంది.

అమెరికావాడూ తక్కువ తినలేదు. 1935లో ఒక నియమం పెట్టాడు: ఎక్కడ మంట లేచినా మర్నాడు పొద్దున్న పదింటికల్లా అదుపులోకి రావాలి. దశాబ్దాలపాటు ఆర్పాడు, ఆర్పాడు, ఆర్పుతూనే ఉన్నాడు. ఆరిన ప్రతి చిన్న మంటా అడవిలో ఆకునూ పుల్లనూ మిగిల్చింది. మిగిలింది పేరుకుంది. పేరుకున్నది ఒకనాడు ఒక్కసారిగా అంటుకుంది. కాలిఫోర్నియాలో కరూక్, యురోక్ తెగలవాళ్లు చిన్న చిన్న మంటలతో అడవిని ఊడ్చుకుంటుంటే నేరమని ఆపిందీ వాడే, ఇప్పుడు ఆ విద్య మాకూ చెప్పమని కాళ్లబేరానికి వస్తున్నదీ వాడే. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌కు పెనుగాలి వస్తోందని, నిప్పు పుడితే ఆగదని వాతావరణ శాఖ ముందే గట్టిగా హెచ్చరించింది. జోస్యం అక్షరాలా ఫలించింది. వేల ఇళ్లు బూడిదయ్యాయి. జోస్యం ఫలించడమూ ఇల్లు నిలవడమూ వేరువేరని అంతకన్నా ఖరీదైన పాఠం ఇంకోటి లేదు.

మనం ఆ పాఠం వినకుండా వాళ్ల సాఫ్ట్‌వేర్ మాత్రం తెచ్చుకున్నాం. పైగా ఇంధనం తగ్గించాల్సిన చోట పెంచే పని కూడా పెట్టుకున్నాం. ఖమ్మం, కొత్తగూడెం దారుల్లో ఎటు చూసినా జామాయిల్ బారులు. సారపాక కాగితం మిల్లుకు కావాలి కదా. పేరులోనే ఆయిల్ ఉంది. ఆకులో నూనె, బెరడు పేలికలు పేలికలుగా ఊడి చెట్టు మొదట్లో కుప్ప. వంటింట్లో పొయ్యి పక్కన నూనెడబ్బా పెట్టొద్దని చిన్నపిల్లకైనా చెబుతాం. పోర్చుగల్‌లో 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాండె దగ్గర అరవైమందికి పైగా జనం మంటల్లో పోయారు, చాలామంది కార్లలో పారిపోతూ పోయారు. ఆ కొండలమీద ఇవే చెట్లు విస్తారం. మన ఇంధన పట్టీలో జామాయిల్ ఎక్కడుందని అడగొద్దు. అది ‘ప్లాంటేషన్’ పద్దులో ఉంది, వేరే రిజిస్టరు.

ఇక మా సరిహద్దు సంబరం. అశ్వారావుపేట దాటి కాస్త పోతే ఆంధ్రప్రదేశ్. 2014లో గీత మారింది, కుక్కునూరు, వేలేరుపాడు అటెళ్లిపోయాయి. గుమ్మడవల్లి పెద్దవాగు కట్ట ఇటు, దాని ఆయకట్టులో ఎక్కువ భాగం అటు. 2024 జూలైలో ఆ కట్ట తెగినప్పుడు నీళ్లు రాష్ట్రమేదని అడగలేదు, అటువైపు ఊళ్లను ముంచి చూపించాయి. నిప్పు నీటికన్నా పెద్దమనిషేం కాదు. మా ఊరి పేరులోనే గుర్రముంది. మంట ఆ గుర్రమెక్కి హద్దు దాటుతుంది, మెసేజ్ మాత్రం రెండు రాజధానులు తిరిగి వస్తుంది. చుక్క గీతమీద పడిందనుకోండి, ఇటువాళ్లు అటుదంటారు, అటువాళ్లు ఇటుదంటారు. తేలేలోపు తేల్చుకోవాల్సిన అడవే ఉండదు. ఇటు పొరక అంటారు, అటు చీపురు అంటారు. ఊడ్చడానికి రెండు మాటలున్నాయి గానీ ఊడ్చే చెయ్యి ఒక్కటీ లేదు.

అలాగని ఏమీ చేయడంలేదంటే పాపం తగులుతుంది. బ్లోయర్లు వచ్చాయి. వీపుకు తగిలించుకుని బర్రుమని తిప్పితే ఆకు ఎగిరి పక్కకు పోతుంది. మంచి యంత్రం. పెట్రోలు పోయాలి. అడవిలో ఇంధనం తగ్గించడానికి బంకులో ఇంధనం కొనాలి, దాని బిల్లుకు మంజూరు కావాలి. అడవి మంటల నివారణకని కేంద్రం అరవై పాళ్లు, రాష్ట్రం నలభై పాళ్లు వేసుకునే పథకమూ ఉంది. ఎండాకాలానికి వాచర్లను పెడతారు. గుట్ట ఎటు వాలితే మంట ఎటు పాకుతుందో చెప్పే మోడల్ ఉంది, రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పే మోడల్ ఉంది. వాచర్ కూలి ఎప్పుడొస్తుందో చెప్పే మోడల్ మిజౌలాలో కూడా లేదు. అందులో తెలియని రాశులు మరీ ఎక్కువట.

ఇంత తెలివి ఉండి ఊడ్చడం దగ్గర ఎందుకు ఆగిపోయాం? నాకు తోచింది చెబుతాను. జోస్యానికి జవాబుదారీ ఉండదు. మంట వస్తుందని చెప్పి, వస్తే “ముందే చెప్పాం.” రాకపోతే “మా హెచ్చరిక వల్లే ఆగింది.” రెండు చేతులా జయమే. ఊడ్పు అలా కాదు. ఊడ్చావా లేదా అన్నది నేల చూస్తే తెలిసిపోతుంది. పది కిలోమీటర్ల ఫైర్ లైన్ గీశామని రాస్తే ఎవడైనా నడిచి కొలవొచ్చు. కొలిస్తే దొరికిపోయే పనికన్నా ఎప్పటికీ దొరకని జోస్యమే సర్కారుకు హాయి. పూర్వం ఊరికో జోస్యుడుండేవాడు, వాడికి మానెడు బియ్యం పోస్తే సరిపోయేది.

దారి లేదా అంటే, ఉంది. అదీ ఖరీదైనదేం కాదు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో ఇప్పచెట్టు కింద వల కడుతున్నారు. పువ్వు వలలో పడుతుంది, మట్టి అంటదు, ధర ఎక్కువ పలుకుతుంది, ఆకు కాల్చే పనే ఉండదు. ఉత్తరాఖండ్‌లో 2024 మే నెలలో, అడవులు మండుతున్నప్పుడు, రాలిన పైన్ సూదులు తెస్తే కిలోకు యాభై రూపాయలిస్తామన్నారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే అనుకోండి, అయినా ఆకును తూచి డబ్బివ్వాలన్న ఆలోచన బుర్రకు రావడం గొప్ప. మా టేకాకుకు ఆ అదృష్టం ఎప్పుడో? జనవరిలోనే గూడేలవాళ్లకు కూలి కట్టి, గుట్ట అంచుల్లో ఆకు ఊడ్పించి, ఎప్పుడు ఎక్కడ కాల్చాలో అవ్వలనే అడిగి, పక్కన పచ్చికొమ్మతో వాచర్ని నిలబెడితే, మార్చిలో ఉపగ్రహానికి చూడ్డానికి ఏమీ ఉండదు. పాపం, దానికి పొద్దుపోదు.

స్వామీ, ఇంతసేపు తిట్టాను గనక మంగళం పాడి ముగిస్తాను. నీమీద నాకు కోపం లేదు. నీ పని నువ్వు చేశావు, చుక్క పెట్టావు. చుక్క పెట్టాక ముగ్గు వేయాల్సింది మేం.

జూన్ రెండో వారంలో నైరుతి దిగుతుంది. గుట్టలమీద మొదటి చినుకు పడగానే కాలిన మొద్దుల్లోంచి చివరి పొగ లేచి ఆగిపోతుంది. ఆ సాయంత్రం ఏదో ఒక టేబుల్ మీద నివేదిక తయారవుతుంది: పకడ్బందీ చర్యల ఫలితంగా మంటలు పూర్తిగా అదుపులోకి వచ్చాయి. కింద సంతకం ఉంటుంది. వానది కాదు. గూడెంలో అవ్వ, కురుస్తున్న చూరు కిందనుంచి పొరక తీసి తలుపు వెనక పెడుతుంది. తడిస్తే వచ్చే మార్చికి పనికిరాదు.